కంప్యూటరు కంటే ముందు గొలుసు ఉంది

సంపాదకుల వారికి,

అయ్యా,

గత ఆదివారం అనుబంధంలో ఆధునిక కట్టడాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. వంపులు తిరిగిన పైకప్పులనూ, గుడారాల్లా తేలిపోతున్నట్టు కనిపించే స్టేడియం కప్పులనూ పెద్ద బొమ్మలతో చూపించడం బాగుంది. ఇలాంటి విషయాలకు తెలుగు పత్రికల్లో చోటు దొరకడమే అరుదు. అయితే ‘ఫామ్ ఫైండింగ్’ అనే పద్ధతి సాఫ్ట్‌వేర్లతో పాటే పుట్టిందనీ, అంతకుముందు ఇంజనీర్లకు నిలువు స్తంభం మీద అడ్డ దూలం వేయడం తప్ప మరో దారి లేదనీ అందులో రాసిన మాటలు సరికావు. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా సివిల్ ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక ఒక పాలిటెక్నిక్‌లో కొన్నాళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, ఈ తప్పు పిల్లల పరీక్ష జవాబుల్లోకి ఎక్కకముందే సవరించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. లేఖ కాస్త పొడవైంది. కత్తిరించవలసి వస్తే నా గోదాము సంగతి తీసేసినా పరవాలేదు గానీ సంవత్సరాలను మాత్రం ఉంచండి.

ఫామ్ ఫైండింగ్‌ను రూపాన్వేషణ అందాం. సాధారణంగా మనం ఆకారాన్ని ముందు గీసుకుని, అది నిలబడుతుందో లేదో తర్వాత లెక్కగట్టి చూస్తాం. చాలకపోతే ఇనుము పెంచుతాం. రూపాన్వేషణలో ఈ వరస తలకిందులవుతుంది. ఆనికలు ఎక్కడ ఉండాలి, మోయవలసిన బరువెంత, వాడే పదార్థం నొక్కుడుకు ఓర్చేదా లాగుడుకు ఓర్చేదా అన్నవి మాత్రమే మనం నిర్ణయిస్తాం. ఆ మూడింటికీ కుదిరే ఆకారమేదో ఆ బరువునే అడిగి తెలుసుకుంటాం. మాట కొత్తదే గానీ పని మూడున్నర శతాబ్దాల నాటిది.

నొక్కుడుకూ లాగుడుకూ ఉన్న తేడా మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వంటింటి అలమరకు వేసిన కడప బండ మీద బియ్యం మూటను సరిగ్గా నడిమధ్యన దించితే ఏమవుతుందో చాలా ఇళ్లలో చూసే ఉంటారు. బండ అడుగు ముఖం సాగలేక చిట్లుతుంది, ఆ చీలిక క్షణంలో పైదాకా పాకి బండ రెండు ముక్కలవుతుంది. అవే ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ కడితే తరాల తరబడి మోస్తుంది. బండల మిద్దెల్లో దూలానికీ దూలానికీ మూడు నాలుగడుగులకు మించి ఎడం ఇవ్వకపోవడానికి కారణం ఇదే. కాబట్టి రాయితోనో ఇటుకతోనో పెద్ద వెడల్పును కప్పాలంటే లాగుడు ఎక్కడా పుట్టని ఆకారం కావాలి.

ఆ ఆకారం ఏదో 1675లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ చెప్పారు, చెప్పి, దాచేశారు. సూర్యుణ్ణి చూసే దూరదర్శినుల గురించి తాను రాసిన పుస్తకం చివర, ఖాళీగా మిగిలిన పేజీని నింపడానికని, తాను కనిపెట్టిన సంగతుల జాబితా ఒకటి చేర్చి, అందులో కమాను రహస్యాన్ని లాటిన్ వాక్యంగా కూర్చి, దాని అక్షరాలన్నిటినీ విడదీసి అకారాది వరసలో అచ్చు వేయించారు. కనిపెట్టింది తానేనని రేపు చెప్పుకోవడానికి అది సాక్ష్యంగా పనికొస్తుంది, చదివినవాడికి మాత్రం ముక్క అర్థం కాదు. స్ప్రింగు సాగుదల గురించి మనమందరం బడిలో చదువుకున్న హుక్ నియమం కూడా ఆ జాబితాలోనే ఇదే ముసుగులో ఉంది. దాన్ని 1678లో ఆయనే విప్పారు. కమాను పొడుపుకథను మాత్రం విప్పకుండానే 1703లో చనిపోయారు. మరణానంతరం 1705లో ఆయన రచనలు వెలువడినప్పుడు ఆ వాక్యం బయటపడింది. వంగే తీగ ఎలా వేలాడుతుందో, తలకిందులు చేస్తే గట్టి కమాను అలాగే నిలబడుతుందని దాని సారాంశం.

ఇంత చిన్న మాటలో ఎంత ఉందో చూడండి. రెండు మేకుల మధ్య వేలాడే గొలుసులో ఏ లంకె కూడా పక్క లంకెను నెట్టలేదు, లాగగలదంతే. అందువల్ల గొలుసు తన బరువును కేవలం లాగుడుతోనే మోయగల ఆకారంలోకి తనంతట తానే సర్దుకుంటుంది. అదే ఆకారాన్ని తిరగేసి రాళ్లతో కడితే, ప్రతి లాగుడూ అంతే బలమున్న నొక్కుడుగా మారుతుంది. లెక్కలు చేయనవసరం లేకుండానే లెక్క తెగిపోయింది. ఆ వంపు దాదాపు పారబోలా అని గెలీలియో అంతకుముందే భావించారు. అసలు సమీకరణాన్ని 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నౌలీ విడివిడిగా సాధించారు. 1697లో డేవిడ్ గ్రెగరీ ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఏ కమానైనా నిలబడిందంటే దాని మందం లోపల ఎక్కడో ఇలాంటి గొలుసు వంపు ఇమిడి ఉండబట్టేనని అన్నారు.

ఈ సూత్రాన్ని నేను కాలేజీలో మార్కుల కోసం చదివాను. అది నిజంగా తలకెక్కింది 1983లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను చేసిన ఒక తప్పు వల్ల. ఒక చిన్న గోదాముకు ఇనుము వాడకుండా ఇటుక కమాను కప్పు వేయవలసి వచ్చింది. వెడల్పు పదిహేనడుగులు. నేను అర్ధవృత్తం గీశాను. అర్ధవృత్తమే ఎందుకంటే ఒక మేకూ ఒక దారమూ ఉంటే సెంట్రింగు చెక్క మీద గీసేయవచ్చు, అంతకు మించిన కారణమేమీ లేదు. మందం తొమ్మిది అంగుళాలు పెట్టాను. సెంట్రింగు విప్పిన మర్నాడు ఉదయం చూస్తే, నడి శిఖరంలో అడుగువైపు పొడవునా ఒక పగులు, శిఖరానికీ కాళ్లకూ నడుమ ఉండే రెండు భుజాల దగ్గర పైవైపున చెరొక పగులు. నేను కాగితాల్లో తప్పు వెతుక్కుంటుంటే, బీడీ ఆర్పి లేచి వచ్చిన ముసలి మేస్త్రీ, ‘భుజాల కాడ బరువు లేదు సార్, దానికే నడుము దిగి పక్కలు లేస్తాండాయి, ఆడ రాళ్లేసి నింపుదాం’ అన్నాడు. కింద మళ్లీ సర్వి కట్టెలు ఆనించి, భుజాల మీద రాళ్లూ సున్నమూ వేసి నింపాక పగుళ్లు ఆగిపోయాయి.

ఆ రాత్రి ఇంట్లో ఉయ్యాల గొలుసు ఊడదీసి, గోడ మీద సుద్దతో గీసిన అర్ధవృత్తం పక్కన వేలాడదీసి చూశాను. గొలుసు రెండు చివర్లలోనూ అడుగునా గీతను తాకింది గానీ, భుజాల దగ్గర మాత్రం గీతకు లోపలే ఉండిపోయింది. గీత మీదికి రప్పించాలంటే అక్కడ బరువులు కట్టాలి. చివర్లకు దగ్గరయ్యే కొద్దీ ఇంకా ఇంకా కట్టాలి. పూర్తి అర్ధవృత్తం కావాలంటే మేకు పక్కన అంతులేని బరువు వేలాడదీయాలి. మేస్త్రీ నింపమన్న రాళ్లు ఆ బరువులే. అర్ధవృత్తపు కమాను కేవలం తన బరువుతో నిలవాలంటే దాని మందం వ్యాసార్ధంలో దాదాపు 10.75 శాతం ఉండాలని 1907లో లెక్క తేల్చిన మిలుతిన్ మిలాంకోవిచ్ గురించి చాలా ఏళ్ల తర్వాత చదివాను. మంచుయుగాల సిద్ధాంతంతో పేరు పొందిన సెర్బియా శాస్త్రవేత్త ఆయనే. ఆ లెక్కన నా గోదాముకు పది అంగుళాల పైచిలుకు మందం కావాలి. ఒక్క అంగుళం తక్కువైన చోట సున్నం పట్టు ఒక రాత్రి కాపాడిందన్నమాట.

ఇక్కడ ఒక మాట. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి గుమ్మటాలనూ, గండికోట ధాన్యాగారం కప్పునూ చూపించి మన పూర్వులకు ఈ శాస్త్రమంతా ముందే తెలుసునని చెప్పడం నాకు ఇష్టం లేదు. వాళ్లకు తెలిసింది మేస్త్రీకి తెలిసినటువంటిది. భుజాలు నింపాలని, గోడలు మందంగా ఉండాలని, ఏ కొలతకు ఏది నిలిచిందో ఏది కూలిందో వాళ్లకు తెలుసు. అది గొప్ప విద్యే. కానీ ఆకారాన్ని బరువు చేత గీయించడం వేరే విద్య, దానికి వేరే చరిత్ర ఉంది.

ఆ విద్య ఒక పెద్ద కట్టడం విషయంలో అక్కరకు వచ్చిన సందర్భం 1740లలో రోమ్‌లో వచ్చింది. సెయింట్ పీటర్స్ చర్చికి 1590లో పూర్తయిన గుమ్మటంలో నిలువు పగుళ్లు కనిపించి, అది కూలుతుందేమోనని పోప్ బెనెడిక్ట్ 14 మొదట ముగ్గురు గణితజ్ఞులను, ఆ తర్వాత పడువాకు చెందిన జొవాన్ని పొలేనీని సలహా అడిగారు. పొలేనీ గుమ్మటాన్ని బత్తాయి తొనల్లా 50 భాగాలుగా ఊహించి, అందులో ఎదురెదురు తొనలు రెండు కలిస్తే ఒక కమాను అవుతుంది కనుక, దాన్ని అడ్డంగా 32 ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత బరువో అదే నిష్పత్తిలో 32 సీసపు గుండ్లను ఒక దారానికి గుచ్చి వేలాడదీశారు. దారం తీసుకున్న వంపును తిరగేసి గుమ్మటం కోత బొమ్మ మీద పెడితే, అది నడుమ గీతతో కలవలేదు, కానీ ఎక్కడా మందం దాటి బయటికి పోలేదు. అందువల్ల పగుళ్లు ఉన్నా గుమ్మటం పడదని ఆయన తేల్చారు. జాగ్రత్త కోసం చుట్టూ అదనపు ఇనుప పట్టీలు బిగించారు, తన పరిశీలనను 1748లో ప్రచురించారు. గుమ్మటం ఈనాటికీ ఉంది. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అతి విలువైన ప్రయోగం ఇదే. ఎందుకంటే గొలుసు వంపునే అచ్చుగుద్దినట్టు కట్టనక్కర్లేదనీ, మందం లోపల అది పట్టడం చాలుననీ ఇది చూపించింది.

పంతొమ్మిదో శతాబ్దంలో కుల్మాన్, మాక్స్‌వెల్, క్రెమోనా వంటివారు ఇదే పనిని కాగితం మీద స్కేలుతో, మూలమట్టంతో గీసి సాధించే పద్ధతులను రూపొందించారు. మా తరం డిప్లొమాలో గ్రాఫిక్ స్టాటిక్స్ పేరుతో అది కొంత ఉండేది.

మీ వ్యాసకర్త గౌడీని ప్రకృతిని చూసి ఊహాలోకంలో బొమ్మలు గీసిన కళాకారుడన్నట్టు రాశారు. స్పెయిన్ ఆర్కిటెక్టు ఆంటోనీ గౌడీ చేసిన పని దానికి పూర్తిగా భిన్నమైనది. బార్సిలోనా దగ్గర కొలోనియా గుయెల్ చర్చి కోసం 1898 నుంచి దాదాపు పదేళ్ల పాటు ఆయనా, ఆయన సహాయకులూ ఒక షెడ్డు కప్పుకు వందల దారాలను వేలాడదీసి, ఒక్కో దారానికి సీసపు గుళ్లు నింపిన చిన్న చిన్న గుడ్డ సంచులు కట్టారు. కొలత పదో వంతు, బరువు పదివేలో వంతు. ఒక సంచి బరువు మారిస్తే ఒక్క దారమే కదలదు, చుట్టుపక్కల దారాలన్నీ సర్దుకుంటాయి, మళ్లీ కొలవాలి. చివరికి ఫోటో తీసి, ఆ ఫోటోను తలకిందులుగా పట్టుకుని, దాని మీదే రంగులతో గోడలనూ కిటికీలనూ వేసుకున్నారు. 1908లో కట్టడం మొదలై 1914లో ఆగిపోయింది, కింది భాగం మాత్రమే పూర్తయింది. అయినా ఆ వాలు స్తంభాలను చూసినవారికి అవి ఎందుకు వాలి ఉన్నాయో ఆ దారాలు చెబుతాయి. అంత ఓపిక ఈ రోజుల్లో ఏ కాంట్రాక్టరూ ఒప్పుకోడన్నది వేరే సంగతి.

దారాల తర్వాత గుడ్డ వచ్చింది. స్విట్జర్లాండ్ ఇంజనీరు హైంజ్ ఇస్లర్ 1959లో మాడ్రిడ్‌లో జరిగిన సదస్సులో గుడ్డు పెంకులాంటి పలచటి కాంక్రీటు కప్పులకు 39 ఆకారాలను గీసి చూపించి, చివర ‘ఇంకా ఎన్నో’ అని రాసి వదిలేశారు. ఆయన పద్ధతుల్లో ఒకటి తడి గుడ్డను నాలుగు మూలలా వేలాడదీసి, చలికాలపు రాత్రి ఆరుబయట గడ్డకట్టనిచ్చి, మర్నాడు తిరగేసి నిలబెట్టడం. 1968లో డైటింగెన్‌లో జాతీయ రహదారి పక్కన పెట్రోలు బంకుకు ఆయన వేసిన కాంక్రీటు పెంకులు సుమారు 30 మీటర్ల దూరాన్ని దాటుతాయి, మందం 9 సెంటీమీటర్లు. కోడిగుడ్డు పెంకును గుర్తు తెచ్చుకుంటే ఇందులో ఆశ్చర్యం తగ్గుతుంది.

మన కర్నూలులో నీళ్లు గడ్డకట్టే చలి ఎక్కడిది? అందుకని పాలిటెక్నిక్‌లో పిల్లల చేత ఒక గోనెపట్టాను సిమెంటు పాలలో ముంచి, నాలుగు గుంజలకు నాలుగు మూలలూ కట్టించి వేలాడదీయించాను. సాయంత్రానికి నీళ్లు కారడం ఆగింది, మర్నాటికి రంగు తెల్లబడి గట్టిపడింది. మరో రెండు రోజులు నీళ్లు చల్లి, తిరగేసి నేల మీద నిలిపి, మూలలు జరగకుండా నాలుగు ఇటుకలు అడ్డం పెట్టాం. అర అంగుళం మందం కూడా లేని ఆ గోనె కప్పు మీద పిల్లలు ఒక్కో ఇటుకా సమంగా పేరుస్తూ పన్నెండు దాకా పెట్టారు. పదమూడోదాన్ని ఒకడు ఉత్సాహంగా ఒక అంచున పెట్టాడు, కప్పు చిట్లింది. అదీ మంచిదే అయింది. వేలాడే గుడ్డ ఏ బరువును మోస్తూ ఆకారం తీసుకుందో ఆ బరువుకే అది సరైన జవాబు. బరువు ఒక పక్కకు జరిగితే, గాలి పక్క నుంచి తోస్తే, ప్రశ్నే మారిపోతుంది. రాతి కట్టడంలో సొంత బరువు చాలా ఎక్కువ కాబట్టి ఆ మార్పు లెక్కలోకి రాదు. తేలికపాటి కప్పుల్లో అదే ప్రాణం తీస్తుంది. 1975లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో వేలాడే గొలుసుల నమూనా నుంచి తీసుకున్న ఆకారంతో, 5 సెంటీమీటర్ల చదరపు చెక్క బద్దలతో విశాలమైన హాలు కప్పు అల్లినప్పుడు, ఇంజనీర్లు నీళ్లు నింపిన చెత్తడబ్బాలను కప్పుకు వేలాడదీసి మరీ బరువు పరీక్ష చేశారు.

ఆ మాన్‌హైమ్ కప్పు వెనక ఉన్న జర్మన్ ఆర్కిటెక్టు ఫ్రై ఓటో పేరు మీ వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు. వంకర తిప్పిన తీగ చట్రాన్ని సబ్బు నీళ్లలో ముంచి తీస్తే ఏర్పడే పొర, ఆ అంచుకు సాధ్యమైనంత తక్కువ వైశాల్యంలో, అన్ని దిక్కులా సమానమైన లాగుడుతో నిలుస్తుంది. గుడారపు కప్పుకు కావలసింది సరిగ్గా అదే. 1964లో స్టుట్‌గార్ట్‌లో తేలిక కట్టడాల పరిశోధన సంస్థను నెలకొల్పి ఆయన ఇలాంటి పొరలను వేలసార్లు ఫోటోలు తీసి కొలిచారు. 1967 మాంట్రియల్ ప్రదర్శనలోని జర్మనీ మంటపం, ఆర్కిటెక్టు గుంటర్ బెనిష్ బృందంతో కలిసి 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కప్పు వచ్చింది ఈ దారిలోనే. 2015 మార్చిలో ఆయన మరణించిన మర్నాడు ఆయనకు ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి ప్రకటించారు.

కంప్యూటరు ఈ కథలోకి వచ్చింది మ్యూనిక్ దగ్గర, ఒక ఇబ్బంది వల్ల. దాదాపు 75,000 చదరపు మీటర్ల ఆ తీగల కప్పుకు 1:125 కొలతలో సన్నని తీగలతో నమూనాలు చేసి, ఫోటోల ద్వారా కొలిచారు. నమూనాలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అసలు కట్టడంలో అది 12.5 సెంటీమీటర్లు అవుతుంది. తీగను ముందే కోసి తెచ్చే పనిలో అది కుదరదు. అప్పుడు సర్వే శాస్త్రంలో ఆరితేరిన క్లాస్ లింక్‌విట్జ్, ఆయనతో పనిచేసిన హాన్స్ యోర్గ్ షెక్ కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రతి తీగలోని బలాన్ని దాని పొడవుతో భాగించగా వచ్చే నిష్పత్తిని ముందే నిర్ణయించుకుంటే, చిక్కుముడిలాంటి సమీకరణాలన్నీ సరళ సమీకరణాలుగా మారిపోతాయి. 1974లో షెక్ ప్రచురించిన ఈ ఫోర్స్ డెన్సిటీ పద్ధతీ, అంతకుముందు 1965లో అలిస్టర్ డే చెప్పిన డైనమిక్ రిలాక్సేషన్ పద్ధతీ నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి పునాదులు. రెండవది ఊయలలాంటి లెక్క: కప్పును ఊహలో వదిలేసి, ఊగి ఊగి ఎక్కడ ఆగుతుందో అక్కడి ఆకారాన్ని తీసుకోవడం. గౌడీ షెడ్డులో సంచులు చేసిన పనినే యంత్రం సెకన్లలో చేస్తోంది, అంతకన్నా కచ్చితంగా చేస్తోంది. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. అడిగే ప్రశ్న మాత్రం హుక్ అడిగినదే.

ఇంకొక సవరణ. రూపాన్వేషణకు ఉదాహరణగా మీరు వేసిన బొమ్మల్లో సిడ్నీ ఒపేరా హౌస్ కూడా ఉంది. 1957 పోటీలో గెలిచిన ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జన్ ఆ తెరచాపల ఆకారాన్ని ముందు చేత్తో గీశారు. దాన్ని నిలబెట్టే మార్గం కోసం ఇంజనీర్లు ఏళ్ల తరబడి పారబోలాలూ ఇతర వంపులూ ప్రయత్నించారు. చివరికి 1961లో, అన్ని తెరచాపలనూ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలుగా మార్చాక గానీ కట్టడం సాధ్యపడలేదు. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో అవుతుందనుకున్నది 1973లో తెరిచేనాటికి 10 కోట్ల 20 లక్షలైంది. ఎంతో అందమైన కట్టడం, సందేహం లేదు. కానీ అది బరువును అడిగి తెలుసుకున్న రూపం కాదు, గీసుకుని బరువు చేత ఒప్పించిన రూపం. వంపు ఉన్నదల్లా రూపాన్వేషణ అనుకుంటే నా గోదాము కూడా ఆ కోవలోకే వస్తుంది.

వీటి బదులు 2016లో వెనిస్ ప్రదర్శనలో ఫిలిప్ బ్లాక్ బృందం నిలబెట్టిన రాతి కప్పు బొమ్మ వేసి ఉంటే మన పాఠకులకు మరింత దగ్గరగా ఉండేది. టెక్సస్ సున్నపురాయి ముక్కలు 399. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా ఒకదానికొకటి ఆనుకుని దాదాపు 16 మీటర్లు దాటాయి. పలచటి చోట మందం 5 సెంటీమీటర్లు. మన కడప బండ కూడా సున్నపురాయే, అలమరలకు వాడే బండ మందం అంతకు సగం ఉంటుంది. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు పాలిషింగు యూనిట్ల వెనక గుట్టలుగా పడి ఉన్న ముక్కల మధ్య నుంచి నడిచినప్పుడల్లా నాకు ఆ 399 గుర్తుకొస్తాయి. ఏ ముక్కను ఏ కోణంలో కోయాలో తేల్చింది కంప్యూటరే. కానీ ఆ కంప్యూటరు చేత ఏం అడిగించాలో తెలిసినవాళ్లు కావాలి, ఆ తెలివి మా పాలిటెక్నిక్ పిల్లలకు గొలుసు పట్టుకున్న పూటే వచ్చింది. మన మూడు జిల్లాల కాలేజీల ప్రయోగశాలల్లో కాంక్రీటు దిమ్మలు పగలగొట్టే యంత్రం ఉంది. దాని పక్కన గోడకు రెండు మేకులు కొట్టి ఒక గొలుసు తగిలించడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

ఈ లేఖతో పాటు ఒక ఫోటో పంపుతున్నాను. మా ఇంటి గోడ మీద ఉయ్యాల గొలుసు, దాని పక్కన సుద్దతో గీసిన అర్ధవృత్తం అందులో ఉన్నాయి. వేసేటట్లయితే దాన్ని తలకిందులుగా వేయవలసింది. పేజీ పెట్టేవారు పొరపాటనుకుని సరిచేయకుండా చూడగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
కర్నూలు